తాయారు దాచిన బొమ్మలు

అనగనగా ఒక పెంకుటింట్లో తాయారని ఒక పిల్ల. ఆడుకోవడం వచ్చుగానీ, ఆడినవి తీసిపెట్టడం రాదు. ఎవరిలాగా అని అడక్కు, కథ విను.

ఒకరోజు వాళ్ళమ్మ రాజ్యం నీళ్ళబిందెతో వస్తూ గోళీ మీద కాలేసి జారింది. నడుం విరగలేదు, బిందె సొట్టపోయింది. "ఇంక ఒక్క బొమ్మ నా కంటబడిందో, చూడు!" అంది.

తాయారు మాట వినే పిల్లే. అమ్మ కంటబడకూడదు, అంతేగా? గోళీలు కందిపప్పు డబ్బాలో పోసింది. ఆ తర్వాత లక్కపిడతలు తాతగారి గొడుగులోకి జారవిడిచింది. ఆ తర్వాత గుడ్డబొమ్మ ముత్యాలుని, మెత్తగా ఉంటుందని, మాసిన బట్టల మూటలో పడుకోబెట్టింది. పక్కలో ముత్యాలు లేకపోతే తాయారుకి కన్ను మూతపడదు మరి.

ఇల్లు అద్దంలా ఉంది. రాజ్యం మురిసిపోయింది.

అప్పుడు తాతగారు ఎండలో బయల్దేరుతూ గొడుగు విప్పారు. బట్టతల మీద టపటపా పొయ్యి, గంటె, బుల్లి చట్టి! "మబ్బే లేదు, వడగళ్ళేమిటే?" అన్నారు.

ఆ తర్వాత రాజ్యం పప్పు మెదుపుతుంటే గుత్తి కింద టంగుమంది. "ఇదేం గింజే, ఎంతకీ ఉడకదు?" అని తీసి చూస్తే, పచ్చ గోళీ!

అందరూ నవ్వారు. తాయారూ నవ్వింది. నవ్వుతూనే మూట కోసం పరిగెత్తింది. మూట లేదు. బట్టలు ఉతికే సింహాచలం వచ్చి ఏటికి పట్టుకుపోయింది.

"అమ్మా, మూటలో ముత్యాలుంది! సింహాచలత్త దాన్ని ఉడకబెట్టేస్తుందా?"

"బట్టలన్నీ ఉడకబెడుతుంది మరి" అంది రాజ్యం. అబద్ధం చెప్పి ఏం లాభం?

తాయారు అన్నం ముట్టలేదు. గడప మీద కూర్చుంది, లేవనే లేదు.

పొద్దు వాలుతుంటే సింహాచలం వచ్చింది. నెత్తిన మూట. మూట మీద, శుభ్రంగా, దర్జాగా ముత్యాలు!

"ఓలమ్మా, ఈ పిల్ల మీదేనా? ఇందాకట్నుంచీ రేవుకాడ నాతోనే ఉంది. ఒక్క మాట ఆడదు, ఒక్క గుడ్డ పిండదు!"

నానబెట్టేముందు ప్రతి బట్టా దులపడం ఆమె అలవాటు. దులిపితే ముత్యాలు రాలిపడింది. రంగు పోతుందని ఉడకెయ్యలేదు. చన్నీళ్ళలో జాడించి, పొద మీద ఆరేసింది.

తాయారు ఆమె నడుం వాటేసుకుంది. "దీనికోసం అన్నం కూడా ముట్టలేదు" అంది రాజ్యం. "సర్లే, ముందు పోయి బువ్వ తిను" అంది సింహాచలం.

అప్పుడు రాజ్యం తన అద్దం, దువ్వెన తీసేసి, గోడలో కింది గూడు ఖాళీ చేసింది. "కంటబడకూడదన్నానే గానీ, ఎక్కడ పెట్టుకోవాలో చెప్పానా నేను?" అంది. గోళీలకు గాజు సీసా, లక్కపిడతలకు తాటాకు బుట్ట, వాటి పక్కన ముత్యాలుకి పీట. అన్నీ తాయారు చెయ్యి అందేంత ఎత్తులోనే.

ఆనాటి నుంచీ మూట కట్టేరోజు తాయారే ముందు కూర్చుంటుంది. ప్రతి బట్టా దులిపి, జేబులు చూసి మరీ కడుతుంది. సింహాచలత్తకి అంత పని తగ్గాలిగా!

గోళీలు సీసాలోకి, పిడతలు బుట్టలోకి,
గుడ్డబొమ్మ పక్కలోకి, కళ్ళు నిద్రలోకి.
కథేమో కంచిలోకి, మనమేమో దుప్పట్లోకి!