ఒక్క ఛార్జింగుకు నూట ఇరవై

చింతలమెట్ట అడవి అంచున జంబయ్య అనే నక్క కరెంటు బళ్ళ దుకాణం పెట్టాడు. "ఒక్క ఛార్జింగుకు నూట ఇరవై కిలోమీటర్లు!" అని గుమ్మానికి పెద్ద బోర్డు. చదువురాని వాళ్ళ కోసం ఆ మాటే రోజంతా అరిచేవాడు.

భల్లన్న అనే ఎలుగుబంటి తేనె అమ్ముకుని బతికేవాడు. సంతేమో కొండమీద. కుండలు మోసీ మోసీ నడుము పడిపోయి దుకాణానికొచ్చాడు.

"కొండ ఎక్కుతుందా జంబయ్యా?"

"ఎక్కడమేంటి బావా! సంత చూసుకుని, అట్నుంచటే మీ అత్తారింటికెళ్ళొచ్చినా ఇంకా మిగుల్తుంది!"

భల్లన్న మురిసిపోయి బండి కొన్నాడు. తీరా మొదటి సంతకే, సగం కొండెక్కాక బండి మూలిగి ఆగిపోయింది. తోసి తోసి, అలిసిపోయి రోడ్డు పక్కనే కునుకు తీశాడు. లేచి చూస్తే కుండల నిండా గండుచీమలు. ముఖమంతా కుట్టించుకుని తీసిన తేనె! పాపం, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు దుకాణానికెళ్తే జంబయ్య తాపీగా అన్నాడు. "బండి తప్పేముంది బావా? ఆ నూట ఇరవై లెక్క తేల్చిన పరీక్షకి ఉడత తోలింది. చదును రోడ్డు, ఎదురుగాలి లేదు, మెల్లగా పోయింది. నువ్వేమో ఇంత లావు, పైగా కుండలు, పైగా కొండ!"

"ఉడత సంగతి కొనేముందు చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

అటుగా వచ్చిన ముసలి మేక పోలమ్మ ఇదంతా వింది.

"ఊరుకో భల్లన్నా, నీకు తోలడం రాక! జంబయ్య మాట తప్పుతాడా? ఏం అల్లుడూ, వచ్చే సంతకి నువ్వే తోలి చూపించు. కొండెక్కితే మేకలమందరం తలో బండి కొంటాం. ఆగితే మాత్రం భల్లన్న సొమ్ము వెనక్కిచ్చి, బండి సంతదాకా నువ్వే తొయ్యాలి."

చుట్టూ చేరిన దుప్పులూ అడవిపందులూ "బాగుంది, బాగుంది" అన్నాయి. జంబయ్యకు నోరూరింది. 'నేను బక్కవాణ్ణి, ఒక్కణ్ణే పోతా, ఎందుకెక్కదు?' అనుకుని సరేనన్నాడు.

సంతరోజు నిండా ఛార్జింగు పెట్టుకుని దర్జాగా బండెక్కాడు.

"ఉండు అల్లుడూ," అంది పోలమ్మ. "ఉత్త చేతుల్తో సంతకెవరు పోతారు? భల్లన్నా, కుండలు పట్టుకుని వెనకెక్కు!"

జంబయ్య ముఖం వాడిపోయింది. అందరూ చూస్తుంటే దిగలేడుగా! మాటలైతే కోటలు దాటాయి గానీ, బండి రెండో మలుపు కూడా దాటలేదు. అక్కడో గూడెం. నక్క వాసన తగలగానే కుక్కలు మొరుగుతూ లేచాయి.

"తొయ్యి అల్లుడూ, తొయ్యి! కుక్కలొస్తున్నాయి!" వెనకే నడిచొస్తున్న పోలమ్మ కేకేసింది.

భల్లన్న జాలిపడి దిగబోయాడు.

"నువ్వు కూర్చో నాయనా, కుండలు ఒలుకుతాయి," అందామె.

నాలుక వేలాడేసుకుని, తోక కాళ్ళ మధ్య ముడుచుకుని, జంబయ్య బండినీ భల్లన్ననూ తేనెనూ సంతదాకా తోశాడు. అక్కడ అందరిముందూ సొమ్ము తిరిగిచ్చాడు. తేనె గుక్కెడు మిగలకుండా అమ్ముడుపోయింది.

నీతి: అమ్మేవాడు చదును దారి లెక్క చెబుతాడు, కొనేవాడు తన బరువుతో తన దారిలో తోలి చూసుకోవాలి.