కడవలో ఒండ్రుకి పేరంటం

నేను ఇంతకుముందు ఏదీ రాసి ఎరగను. పిల్లలకోసం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివితే చదవండి గానీ నాతో ఏమీ అనకండి.

ఒకప్పుడు బావినీళ్ళలో ఎర్రమట్టి ఒండ్రు అడుక్కి దిగేది కాదు. కడవలో ఎంతసేపు ఉంచినా పైకీ కిందికీ ఈదుతూనే ఉండేది. అన్నం ఎర్రగా ఉడికేది. తెల్లావు తొట్టిలో మూతి పెడితే సగం ఎర్రావై లేచేది.

వరహాలమ్మ పెరట్లో కొత్తగా బావి తవ్వారు. అంతకుముందు ఆవిడ రోజూ తెల్లవారకముందే లేచి, రెండు గుట్టలవతల వాగునుంచి నీళ్ళు మోసేది. కడవ కింద గుడ్డ కుదురు పెట్టీ పెట్టీ నడినెత్తిన జుట్టు పలచబడింది. బావిలో నీళ్ళు పడగానే ఎంతో సంబరపడింది. తీరా మొగుడు సన్యాసయ్య మొదటి చెంబు తాగి, మీసాలనిండా మట్టితో నిలబడ్డాడు. రేపు పొద్దుటికి నీళ్ళు తేటపడకపోతే బావి పూడ్చేసి బీరపాదు పెడతానన్నాడు. అన్నాడంటే చేసే మనిషి.

వరహాలమ్మ పాతచీర నాలుగు మడతలు వేసి వడగట్టింది. ఒండ్రు మడతల్లోంచి దూరి వచ్చేసింది. పొమ్మని తిట్టింది. పోలేదు. బతిమాలింది. కడవలోంచి కిలకిలా నవ్వులు వినిపించాయి. ఒండ్రు అంటే ఒకరా ఇద్దరా, వేలమంది అక్కచెల్లెళ్ళు.

ఆవిడ కడవ పక్కన కూలబడి ఏడుస్తుంటే, బావిగట్టు మీది చిల్లచెట్టునుంచి ఒక గింజ ఠప్పున ఒళ్ళో పడింది.

"ఇందాకట్నుంచీ చూస్తున్నా. పొమ్మంటావు, పొమ్మంటావు. ఒక్కసారైనా కూర్చోమన్నావా తల్లీ?" అంది చిల్లగింజ.

వరహాలమ్మ నాలిక కరుచుకుంది. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు కూర్చోమననిదే ఎలా కూర్చుంటారు?

సరే పేరంటానికే పిలుస్తాను, మరి గంధం ఏదీ అని ఆవిడ అడిగితే, నన్నే అరగదియ్యమంది గింజ. నడుం సగం పోతుంది, కాస్త మెల్లిగా తియ్యమంది. వరహాలమ్మ దాన్ని సానమీద అరగదీసి, ఖాళీ కడవ లోపల చుట్టూ పూసి, నీళ్ళు అందులోకి వంచింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ కడవలోకి వంగింది.

"కూర్చోండమ్మా. మీరూ కూర్చోండి వదినా."

అక్కచెల్లెళ్ళు గంధం పూసుకుని, నువ్వు జరుగంటే నువ్వు జరగమని తోసుకుంటూ, అడుగున చతికిలబడ్డారు. నీళ్ళు తేటపడ్డాయి.

పొద్దున్నే సన్యాసయ్య పార పట్టుకొచ్చాడు. కడవలోకి తొంగిచూస్తే తన మీసం తనకే కనిపించింది. వీధిలో అందరికీ చూపిద్దామని కడవ అమాంతం ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. లోపలివాళ్ళు పేరంటం అయిపోయింది కాబోలనుకుని ఒక్కసారిగా లేచారు. నీళ్ళు మళ్ళీ ఎర్రన. ఆయన కడవ దించి పార అందుకున్నాడు.

ఏనాడూ ఎదురు చెప్పని వరహాలమ్మ పారకి అడ్డం నిలబడింది.

"పేరంటానికొచ్చినవాళ్ళని రెక్కపట్టి లేపుతారా ఎవరైనా? నువ్వూ కాసేపు కూర్చో మావా."

సన్యాసయ్య బిక్కమొహం వేసి కడవ పక్కనే కూర్చున్నాడు. ఆయన్ని చూసి వాళ్ళూ కూర్చున్నారు. అప్పుడు వరహాలమ్మ కడవ కదపకుండా, పైపైన చెంబు ముంచి ఇచ్చింది. ఆయన తాగి మీసం తడుముకున్నాడు. మట్టి లేదు. వెళ్ళి పార చూరులో దోపేశాడు.

అప్పటినుంచే చిల్లగంధం పూసిన కడవలో ఒండ్రు అడుక్కి చేరి బుద్ధిగా కూర్చుంటుంది. కదిపితే మాత్రం లేచిపోతుంది.

మర్నాడు పొద్దున కోడి కూసింది. వరహాలమ్మ దాన్ని కూయనిచ్చి, అటు తిరిగి పడుకుంది.