రోశమ్మ స్లైడు

విక్టర్‌కి వచ్చిన కష్టమల్లా ఒక్క స్లైడు.

దాని మీది కణాలు తీసింది నేనే. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా నా సూదికి లొంగని గడ్డ లేదు. నేను గదిలోకి అడుగుపెడితే సగం గడ్డలు భయంతోనే కరిగిపోయేవి. అలాంటి నాకే, డిగ్రీ చదివే రోశమ్మ చెవికింది గడ్డ చిటికెడు కణాలే విదిల్చింది. మళ్లీ గుచ్చితే అంతా రక్తం. ఆ కాసిని కణాలూ ఒక్క స్లైడుకే సరిపోయాయి.

మా లేబులో కొత్తగా చేరిన డాక్టరు విక్టర్. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, కోటికొకరికి వచ్చే కణితి అని పట్టేశాడు. ఢిల్లీలో డాక్టర్ల సభలో అందరికీ చూపిస్తానని పొంగిపోయాడు.

మా ఇద్దరికీ గురువు డాక్టర్ ఆండాళ్ గారు. స్లైడును వేలితో తడిమి రోగం చెప్పేవారంటే మీరు నమ్మరు. నేను చూశాను. ఆ సాయంత్రం మాత్రం కుర్చీలోంచి లేచే ఓపిక కూడా లేనట్టు కూర్చున్నారు.

"గీకెయ్ నాయనా. కణాలు జన్యుపరీక్షకి పంపు."

"గీకితే స్లైడు పోతుంది మేడమ్! నా కంటికి ఖాయంగా తెలుస్తోంది. అది చాలదా?"

"ఈ కణితికి ఉండే మార్పు జన్యువులో తేలితే రోశమ్మకి మాత్రలున్నాయి. తేలకపోతే సర్జన్ గడ్డతో పాటు ముఖం నరం కూడా కోసేస్తాడు. ఆ పిల్ల ఇక ఆ పక్క కన్ను మూయలేదు, నవ్వలేదు. నీ కంటిని నమ్మి మాత్రలు ఎవరిస్తారు?"

"పరీక్షలో ఏమీ రాకపోతే? స్లైడూ ఉండదు, జవాబూ ఉండదు."

మహోపన్యాసం ఒకటి ఇద్దామని నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు.

బీరువాలోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి విక్టర్ ముందు పెట్టారు. ఆవిడ దాచుకున్న అరుదైన స్లైడులు! దేశదేశాల డాక్టర్లు ఆ పెట్టె ముందు చెప్పులు విడిచి నిలబడ్డారని ఊరంతా చెప్పింది నేనే. లోపల చూసింది మాత్రం లేదు.

విక్టర్ ఒకటి తీసి వెలుతురుకి ఎత్తిపట్టాడు. అంచున సిరాతో రోగి పేరు. గాజు మీద బ్లేడు గీతలు తప్ప ఏమీ లేదు. ఇంకోటి తీశాడు. పేరుంది, గాజు ఖాళీ. ఇంకోటి.

"వీళ్లందరికీ జవాబు వచ్చిందా మేడమ్?"

"అందరికీ రాలేదు." కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నారు.

ఆ పెట్టె ముందు నేనూ చెప్పులు విడిచాను. అది మీరు నమ్మరు, కానీ నిజం.

పైన అంటించిన పల్చటి గాజు ఊడడానికి స్లైడు రాత్రంతా ద్రావకంలో నానింది. పొద్దున్నే విక్టర్ బ్లేడు అందుకున్నాడు.

ఆండాళ్ గారు పక్కన నిలబడి పరీక్షగొట్టం పట్టుకున్నారు.

"అంచుల దగ్గర కూడా ఉంటాయి నాయనా. ఒక్కటీ వదలకు."