అడుగాకు

ఒక సోయా చేనులో అడుగాకులు పసుపెక్కాయి. పై ఆకులు మాత్రం నవనవలాడుతున్నాయి. కలుపు తీసే ఇల్లాలికి ఆ పసుపు కనబడింది, ఆమె వంగి ఉంటుంది గనక. ఆమె మగడైన రైతుకు కనబడలేదు. అతను గట్టు మీద నిలబడి చూస్తాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళు చేను చూడటమంటే అంతే.

"ఓ అయ్యా, జెర వంగి చూడరాదు? ఈనెలు పచ్చగనే ఉన్నయి, నడుమంత పసుపైంది," అంది ఇల్లాలు.

"ముసలాకులవి. పండక పూస్తయా?" అన్నాడు రైతు. "గడ్డి పీకమంటే ఆకులతోని ముచ్చట వెట్టుకున్నవు."

అలా అన్నాడే గాని, మర్నాడు పొటాషు బస్తా తెచ్చి చేనంతా మళ్ళీ చల్లాడు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆకులో పచ్చదనం నిలబడేది మెగ్నీషియం వల్ల. అది నేలలో కరువైతే మొక్క అడుగాకుల్లోంచి తీసి చిగుళ్ళకు పంపుతుంది. పొటాషు మంచిదే. కాని వేరు గుమ్మంలో అది గుంపుగా నిలబడితే, ఉన్న కాస్త మెగ్నీషియానికీ లోపలికి దారి దొరకదు.

ఇల్లాలు ఒక పసుపాకును అరచేతిలోకి తీసుకుంది. "నీకేమైందే?"

"చిగుర్లు ఆకలన్నయి. నా ఒంట్లది పంపిన," అంది అడుగాకు.

"కొంచెమన్న ఉంచుకోకపోయినవా?"

"నువ్వయితే ఉంచుకుంటవా?"

ఇల్లాలు నవ్వింది. లేవబోతే పిక్క పట్టేసింది. ఆ నొప్పి ఆమెకు కొత్తది కాదు.

ఇంట్లో మిల్లులో ఆడించిన తెల్లటి బియ్యం వండేవారు. తవుడు బర్రెకు. తోటకూర, గుగ్గిళ్ళు పిల్లలకు. పప్పు రైతుకు. అందరూ లేచాక, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో ఇంత కారం కలుపుకుని ఆమె తినేది. మనిషి ఒళ్ళూ మొక్కలాంటిదే. తిండిలో రాని మెగ్నీషియాన్ని ఎముకల్లో దాచుకున్న దాంట్లోంచి తీసుకుని నెట్టుకొస్తుంది, అదీ అయిపోయేదాకా. పిల్లల బుగ్గలు నిగనిగలాడేవి. వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే చూసి, ఇల్లు చల్లగా ఉందనేవారు.

"గుండె దడదడ అంటున్నది. దవాఖానకు తోలుకపోతవా?" అని ఒక పొద్దున అడిగింది.

"చేను పూత మీదున్నది. కాయ పట్టినంక పోదాం," అన్నాడు రైతు. చెడ్డవాడు కాడు. నిజంగానే తీసుకెళ్దామనుకున్నాడు.

ఆమె సరేనని చేనుకు పోయింది. మధ్యాహ్నం సాలు నడుమ ఒక్కసారిగా కాళ్ళూ చేతులూ కొయ్యబారాయి. పిలుద్దామంటే దవడ కదలలేదు. పక్కకు ఒరిగింది. నడుమెత్తు పెరిగిన చేను ఆమె మీద కమ్ముకుంది. అడుగాకులు రెండు రాలి చెంప మీద పడ్డాయి. వాటి దగ్గరా ఇవ్వడానికేమీ లేదు.

పొద్దు వాలుతుండగా రైతు గట్టు మీదికొచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా చూపు సారించాడు. ఎక్కడా వెలితి లేదు. నీళ్ళకేమైనా పోయిందేమో అనుకుని ఇంటికి నడిచాడు.

"అమ్మ ఏది నాయినా?" అంది వాకిట్లో కూతురు.

"చేన్ల లేదు బిడ్డా," అన్నాడు రైతు. "అంత చూసే వచ్చిన. పచ్చగున్నది."