నాయిక జ్వరం

ఒక రాజు దగ్గర ఒక కవి ఉండేవాడు. ఆయనకు గురువు లేడు, అన్నీ సొంతంగా నేర్చుకున్నాడు. నేనూ అంతే. అందువల్ల మా ఇద్దరి తప్పులకూ ఇంకొకర్ని అనే వీలు లేదు.

ఆయన కావ్యంలో నాయిక ఆరు నెలలుగా విరహజ్వరంతో పడి ఉంది. చెలులు చందనం పూస్తారు, తామరాకులు పరుస్తారు, చంద్రుణ్ణి తిడతారు. జ్వరం తగ్గదు. తగ్గించవద్దని రాజాజ్ఞ. వానల్లేక చెరువులు ఎండాయి, పొలిమేరలో శత్రువు గుడారాలు వేశాడు.

"ఆవిడ బాధ వింటుంటే నా బాధలు గుర్తురావయ్యా. ఇంకొన్నాళ్ళు పడుకోనీ" అన్నాడు రాజు.

కవికీ అదే హాయి. భార్య తాటాకులు ఉడకబెట్టి, ఆరబెట్టి, అంచులు కోసి ఇస్తే, వాటిలోకి దూరి పొద్దుగూకేదాకా బయటికి వచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆకులు రాలేదు. వెళ్ళి చూస్తే భార్య చాప మీద మూలుగుతోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మూడు రోజులైందట.

జ్వరం గురించి ఆయన రాసినంత ఆ రాజ్యంలో ఎవరూ రాయలేదు. కోటకు పరుగెత్తి చందనం తెచ్చి పూశాడు. తామరాకు దొరక్క తాటాకుతో విసిరాడు. సాయంత్రం వాకిట్లో నిలబడి చంద్రుణ్ణి శ్రద్ధగా తిట్టాడు. ఒళ్ళు ఇంకా కాలింది.

భార్య కళ్ళు తెరిచింది. "చంద్రుడేం చేశాడండీ, పాపం. నాలుగు గింజలు వేసి కాస్త గంజి కాచి పోయండి."

బియ్యం ఎక్కడుంటాయని అడిగాడు. చెప్పింది. కుండ ఎక్కడుంటుందని అడిగాడు. అదీ చెప్పింది. పొయ్యి ఎలా అంటించాలని అడిగేసరికి కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోవేమోనని ఆయన గబగబా పొయ్యి ముందు చతికిలబడ్డాడు.

ఎలాగో అంటించాడు. రెండు వేళ్ళు కాల్చుకున్నాడు. మూడు రోజులు ఆయన కాచాడు, ఆవిడ తాగింది, ఏమీ అనలేదు. నాలుగోనాడు చెమట పట్టి జ్వరం దిగింది.

గోడకు చేరగిలబడి, "ఆవిడకి తగ్గిందా?" అంది.

"ఎవరికి?"

"మీ కావ్యంలో ఆవిడకి. ఆరు నెలలు ఒట్టి చందనం మీద ఉంచారు కదా మనిషిని."

మిగిలిన గంజి గిన్నెలో పోసి, తాటాకుల కట్ట పక్కన పెట్టింది.

తరువాయి పద్యాలేవని కోటనుంచి కబురు వచ్చింది. కవి కాలిన వేళ్ళతోనే ఘంటం పట్టుకున్నాడు.

ఆకు మీద నాయిక లేచి కూర్చుంది. గంజి ఒక గుక్క తాగి, ఇందులో ఉప్పు లేదంది.