ముద్ర పాదంలో ఇసక

రాజోలులో సంగీతం చెప్పే పేరిందేవమ్మగారికి ఒక అలవాటు. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు, ముందు చేతికో పని ఇస్తారు. చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యమంటారు, తంబురా తుడవమంటారు. పని అయ్యేలోగా జవాబు దానంతటదే దొరకాలి. దొరక్కపోతే ఆ ప్రశ్న ఇంకా పండలేదని లెక్క.

ఆ రోజు సువర్చల చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది. పదకొండేళ్ళుగా ఆవిడ దగ్గర పాడుతున్న పిల్ల. ఈమధ్య తనే ఒక కృతి కట్టింది. ఆదివారం సభలో పాడబోతోంది. అచ్చుకెళ్ళే కార్యక్రమం కాగితంలో ఆ పాటకెదురుగా కర్త పేరు వెయ్యాల్సిన చోట సభ కార్యదర్శి చయనులుగారితో పేచీ వచ్చింది.

“‘నీ పేరెందుకమ్మా, సంప్రదాయ కృతి అని వేసేస్తాను. ఆడపిల్ల కట్టిందంటే జనం కాఫీకి లేచిపోతారు’ అన్నారమ్మగారూ! అక్కడితో ఆగారా? నాలుగొందల పేజీల సంగీత చరిత్ర తెచ్చి నా ముందు పడేశారు. కర్తల పట్టికలో వెతికితే ఆడవాళ్ళు ముగ్గురో నలుగురో. ‘ఉంటే రాయమా?’ అన్నారు. నిజంగానే లేరా? ఉంటే ఏమైపోయారు?”

సాయంత్రానికల్లా కాగితం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. సరేనంటే పాట ఉంటుంది, తను ఉండదు.

పేరిందేవమ్మగారు వేయించిన మినుములు చాటలో పోసి తిరగలి పక్కన పెట్టారు. “ఆ చయనులే సభకి సున్నుండలు నన్ను చెయ్యమన్నాడు. ‘పేరిందేవమ్మగారి సున్నుండలు’ అని మైకులో చెప్తాట్ట. కూర్చుని విసురు. ఊరికే ఎందుకు, సోమయాజులవారి కృతి అందుకో.”

ఆ కృతి తెలియనివాళ్ళు ఆ చుట్టుపట్ల లేరు. అందులో చివరిది తప్ప ప్రతి పాదమూ నడిమధ్యన, మాట పూర్తికాకముందే, రెండు లెక్కల సేపు ఆగిపోతుంది. సోమయాజులవారికి అక్కడ దేవుడు కనిపించాడని, అందుకే నోట మాట రాలేదని పండితులు రాశారు. పాడేవాళ్ళు అక్కడ కళ్ళు మూస్తారు, వినేవాళ్ళు దణ్ణం పెడతారు. సువర్చల కూడా అలాగే కళ్ళు మూయడం నేర్చుకుంది.

ఇప్పుడు మూయడానికి వీల్లేదు. కుడిచేత్తో తిరగలి తిప్పుతూ పాట ఎత్తుకుంది. రాతి నడక మీద తాళం దానంతటదే కూర్చుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి గింజలు అయిపోవచ్చాయి. ఎడమపక్కకి ఒరిగి, చాటలోంచి పిడికెడు తీసి తిరగలి నోట్లో పోసింది. ఒరిగినప్పుడు ఊపిరి ఆగింది, పాటా ఆగింది. సరిగ్గా దేవుడు కనిపించిన చోటే.

ఏదో అలా కలిసొచ్చిందిలే అనుకుంది. రెండో పాదంలో మళ్ళీ పిడికెడు, మళ్ళీ అక్కడే. మూడో పాదంలోనూ అక్కడే. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని మొక్కింది ఎవరో ఆడమనిషి పిడికిట్లో మినుములకా!

ఇక నాలుగోది ముద్ర పాదం, అంటే కర్త తన పేరు ఇమిడ్చి ముగించేది. సోమయాజులవారి పేరు ఉన్న ఆ పాదంలో మాత్రం ఎక్కడా ఆగడం లేదు. అప్పటికి ఆయన దేవుడిలో కలిసిపోయాడు కనుక ఆగే పని లేదని పండితులు దానికీ ఒక మాట రాసి పెట్టారు. సువర్చల పాడుతూనే ఉంది. చెయ్యి చాటదాకా పోవడానికి సందే దొరకలేదు. తిరగలి ఒట్టిగా తిరిగింది. రాయిని రాయి కరకరా ఒరుసుకుంది. తెల్లటి పిండిలో బూడిదరంగు ఇసక రాలింది.

సువర్చల చెయ్యి ఆగిపోయింది. మొహం జేవురించింది. “అమ్మగారూ! ఈ పాదం కట్టినవాడు జన్మలో తిరగలి ముందు కూర్చోలేదు!”

“మా అమ్మమ్మకి ఈ పాట మూడు పాదాలే వచ్చు,” అన్నారు పేరిందేవమ్మగారు. “నాలుగోది నేను పుస్తకంలో చూసి నేర్చుకున్నా. సిగ్గులేకుండా నలభై ఏళ్ళు పాడాను కూడా.”

“మరి ఆ మూడూ కట్టినావిడ పేరేమిటి?”

“అమ్మమ్మని నేను అడగలేదే. ఎవరూ అడగలేదు.”

గేటు చప్పుడైంది. చయనులుగారు కాగితం ఊపుకుంటూ వచ్చారు. “ఏమ్మా, సంప్రదాయమనే కానిచ్చేద్దామా? అవతల ప్రెస్సువాడు ప్రాణం తీస్తున్నాడు.”

సువర్చల లేచి, పిండి చేతులతోనే ఆయన చేతిలో కాగితం లాక్కుంది. పాటకెదురుగా తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. “ఇలా వేస్తేనే ఆదివారం వస్తాను,” అంది.

“ఇదేం పంతం! పేరిందేవమ్మగారూ, మీరైనా చెప్పండి.”

ఆవిడ తిరగలి చుట్టూ రాలిన పిండి జల్లించకుండానే పిడికెడు తీసి, బెల్లం, నెయ్యి కలిపి, నిదానంగా ఉండ చుట్టి ఆయన చేతిలో పెట్టారు.

“ముందు ఇది తిను నాయనా. పంటికింద ఏమైనా తగిలితే, అది ఏ పాదంలోదో అమ్మాయి చెబుతుంది.”