భార్గవ ఎంచిన నూనె

భార్గవకి మనిషి మాట కంటే కాగితం మీద అంకె అంటేనే నమ్మకం. సన్యాసం మీదికి మనసు మళ్లకముందు కాకినాడలో ఒక ఆయిలు కంపెనీ ల్యాబులో పనిచేశాడు. గురువుని కూడా ల్యాబు పద్ధతిలోనే వెతుక్కున్నాడు. ఎవరికి ఎంత శాస్త్రం వచ్చు, ఎవరు ఎన్నేళ్లు మౌనంగా ఉన్నారు, ఎవరికి కోపం తక్కువ, అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని, చివరికి పాడేరు కొండల్లో ఉండే సింహాద్రమ్మ ఆశ్రమానికి వచ్చి చేరాడు.

ఈ సంగతి ఆవిడకీ తెలుసు. “నన్ను బాగానే తూచినావు నాయనా,” అని ఒకసారి నవ్వి ఊరుకుంది.

ఆశ్రమానికి ఒక పాత మోటారుసైకిలు ఉంది. పైనున్న గూడేల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే దాని మీద కూర్చోబెట్టుకుని కిందికి, తారురోడ్డు దాకా తీసుకొస్తారు. అంబులెన్సు అక్కడిదాకే వస్తుంది. ఆ పైన రాళ్లబాట, అది ఎక్కలేదు. అందుకే గూడేలవాళ్లకి ఆ బండి మీద గురి. దాన్ని చూసుకునే పని భార్గవకి అప్పగించారు.

ఇంజన్ ఆయిలు మార్చాల్సి వచ్చింది. అంతవరకూ వాడుతున్న డబ్బా చూసి భార్గవ ముఖం చిట్లించాడు. ఊళ్లో ప్రతి మోటారుసైకిల్లోనూ పోసే మామూలు ఆయిలు అది. మనుషుల ప్రాణాలు మోసే బండికి ఇదా పోసేది అని నొచ్చుకున్నాడు. ఆ నొప్పి నిజమైనదే. అందులో కాస్త గర్వం కలిసిందంతే.

తమ ఆయిలు గుణాలు చెబుతూ కంపెనీలు డేటా షీట్లు ఇస్తాయి. పాడేరు వెళ్లి దొరికినవన్నీ ప్రింటు తీయించుకొచ్చాడు. వసారాలో పరిచి, గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టి, కూర్చున్నాడు. ఏది ఎంత వేడికి అంటుకుంటుంది? వేడెక్కితే ఏది త్వరగా పలచబడుతుంది? ఏది ఎక్కువకాలం ఇంజన్‌ని శుభ్రంగా ఉంచుతుంది? పాత డబ్బా మీద ఎస్.ఎల్. అని ఉంది. ఒక కొత్తదాని మీద ఎస్.పి. అని ఉంది. ఆ వరసలో అక్షరం ముందుకు జరిగేకొద్దీ ప్రమాణం కొత్తదవుతుంది. ఆ కొత్తదే అన్ని గళ్లలోనూ నెగ్గింది. పైగా రాపిడిని బాగా తగ్గించే మందు కలిపామని కూడా రాశారు. భార్గవకి ఆ రోజు ఆకలి వేయలేదు.

కాగితం పట్టుకుని సింహాద్రమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చింతపండులో గింజలు తీస్తోంది.

“ఇదేటి నాయనా?”

“మన బండికి ఆయిలు ఎంచానమ్మా. దీన్ని మించింది లేదు.”

“దేనికి మించింది లేదు?”

“దేనికైనా! ఈ అంకెలు చూడండి.”

ఆవిడ అంకెలు చూడలేదు. కాగితం పైభాగాన వేలు పెట్టింది. “ఇక్కడేటో రాసున్నారు?”

“అది కంపెనీవాళ్లు రాసుకునే సోదమ్మా. అందులో అంకెలుండవు.”

“అలాగా,” అని ఆవిడ మళ్లీ గింజల్లో పడింది.

ఆయిలు మార్చి, ఆశ్రమం చుట్టూ చదును నేల మీద బండి తిప్పి చూశాడు. ఇంజన్ చప్పుడే మారిపోయింది. మధ్యాహ్నం పంక్తిలో అందరికీ ఆయిలు గుణాలు వివరించి, వాళ్ల పప్పు చల్లార్చాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున గుమ్మలగొంది గూడెం నుంచి ఫోను వచ్చింది. కొండచీపుళ్లు కోస్తుంటే పాంగి చిలకమ్మని కాలి మీద పాము కరిచింది. ఫోను చేసింది ఆమె మొగుడు దొన్ను. “బేగి బండి అంపండమ్మా,” అన్నాడు. సింహాద్రమ్మ చెప్పడం పూర్తికాకముందే భార్గవ బండి తీశాడు.

మొదటి మలుపు ఎక్కాడు. తరవాతి మలుపు దగ్గర ఎక్కుడు నిలువుగా ఉంటుంది. అక్కడ ఇంజన్ ఒక్కసారి గీపెట్టింది. బండి మాత్రం ముందుకి పోలేదు. ఇంకా ఆక్సిలరేటరు తిప్పాడు. చప్పుడు పెరిగింది, వేగం తగ్గింది. కాలిన వాసన వచ్చింది. బండి మెల్లగా వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది.

భార్గవకి ఏమీ అర్థంకాలేదు. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. ఇంత హాయిగా అది ఎన్నడూ తిరగలేదు. తిరగనిది చక్రమే. దిగి తోశాడు. ఆగి చల్లారనిచ్చాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ వెనక్కి జారాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

అప్పుడు పైనుంచి డోలీ దిగుతూ కనిపించింది. కర్రకి కట్టిన దుప్పటి, అందులో ముడుచుకుని చిలకమ్మ. ముందు కొస దొన్ను భుజం మీద, వెనక కొస అతని బావమరిది భుజం మీద.

“బండొస్తాదని చెట్టు కింద కూకోబెట్టినాం బాబూ,” అన్నాడు దొన్ను రొప్పుతూ. “ఎంతకీ రాలేదు. మోసుకొచ్చేస్తన్నాం.” అతని గొంతులో కోపం లేదు. “బండి పక్కకి తియ్యి బాబూ. దారియ్యి.”

ఈ బండిని నమ్ముకుని వాళ్లు చెట్టు కింద కూర్చున్నారు! భార్గవ బండిని తుప్పల్లోకి తోసేసి, వెనక కొస కింద తన భుజం పెట్టాడు.

చిలకమ్మ బతికింది. కానీ పాదం నల్లబడింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, వేళ్లు తియ్యక తప్పదు అన్నాడు డాక్టరు. ఆ మాట దొన్ను ఒకసారి విన్నాడు. భార్గవ చెవుల్లో అది ఆగకుండా మోగుతూనే ఉంది.

ఆశ్రమానికి తిరిగొచ్చి కాగితం తీశాడు. పైభాగం మొదటిసారి చదివాడు. ఈ ఆయిలు కార్లకని, క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉండే మోటారుసైకిళ్లలో పోయకూడదని అక్కడ ఉంది. ఆ క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే ఇంజన్ బలం చక్రానికి అందుతుంది. రాపిడి తగ్గించే మందు వాటి మధ్యకీ వెళ్లి ఆ పట్టు వదిలించింది. ఇది అతనికి తెలియని విషయం కాదు. ల్యాబులో కింది అంకెలు నింపేది తను, పై మాటలు రాసేది ఇంకెవరో. తన అంకెలు తప్ప ఆ కాగితంలో చదవాల్సింది ఉందని అతను ఏనాడూ అనుకోలేదు.

ఆశ్రమం వెనక పారే గెడ్డలోకి దిగి, చేతులకంటిన మసి కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. సింహాద్రమ్మ వెతుక్కుంటూ వచ్చి గట్టు మీద నిలబడింది.

“తప్పు చేశానమ్మా,” అన్నాడు తల ఎత్తకుండా. “చిలకమ్మ ముఖం ఎలా చూడను?” చేతులు రుద్దుకుంటూనే, “కానీ ఆయిలు మాత్రం మంచిదేనమ్మా. ఆ అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు,” అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి ఆశ్రమం లోపలికి వెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చి, గట్టు అంచున కూర్చుని, కిందికి వంగి చెయ్యి చాపింది.

“రా నాయనా. చెయ్యందుకో.”

భార్గవ కళ్లు తుడుచుకుని ఆ చెయ్యి అందుకున్నాడు. గట్టు మీద కాలు ఆనించి, బరువంతా దాని మీద వేసి పైకి లేచాడు. చెయ్యి జారింది. వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. ముక్కులోకీ నోట్లోకీ నీళ్లు పోయాయి. మోచెయ్యి రాయికి కొట్టుకుని ప్రాణం జివ్వుమంది.

ఉక్కిరిబిక్కిరవుతూ లేచి, నమ్మలేనట్టు ఆవిడ వైపు చూశాడు. చీమని కూడా దులిపెయ్యని మనిషి! ఆవిడ ఇంకా చెయ్యి చాపే ఉంది. మణికట్టు దాకా నిగనిగలాడుతోంది. వేళ్ల చివర్ల నుంచి బొట్లు కారుతున్నాయి.

“నువ్వులనూనె నాయనా,” అంది. “గానుగలో ఆడించినది. బొట్టు కల్తీ లేదు.”



ఆవిడ గట్టు మీది ఇసక గుప్పెడు తీసి, రెండు చేతులూ రుద్దుకుని, దులుపుకుని, మళ్లీ చాపింది. అతను వెంటనే అందుకోలేదు. తన అరచెయ్యి చూసుకున్నాడు. అది కూడా నిగనిగలాడుతోంది. నడుంలోతు నీళ్లలో వంగి, అడుగునుంచి ఇసక తీసి, చర్మం ఎర్రబడేదాకా రుద్దుకున్నాడు.

అప్పుడు చెయ్యి పైకెత్తాడు.